ఇంటికాడి యూనివర్సిటీ వదులుకోవాలా?

ప్రశ్న: అక్కా, మాది గుత్తి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లూ రమ్మంటున్నారు. ఇంటికాడే ఉంటే ఎదగలేవని ఫ్రెండ్స్ అంటున్నారు. నాయనకు శెనక్కాయ పంట మీద అప్పుంది. ఏం చేయాలి?

జవాబు: చూడు తల్లీ, ఎస్కేయూ నిన్న మొన్న పెట్టింది కాదు, 1968లో ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై 1981లో సొంతంగా యూనివర్సిటీ అయింది, కాబట్టి ఊరి పక్కనుందని చిన్నచూపు చూడొద్దు. ఫీజు కట్టేముందు ఒక రోజు అనంతపురం పోయి డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లోకి నడువు, బాటిళ్ల మీద దుమ్ముందా, తూకం వేసే బ్యాలెన్స్ పనిచేస్తోందా, రికార్డుల్లో పోయినేడాది ప్రాక్టికల్స్ నిజంగా చేసినారా చూడు, నెట్ పరీక్ష రాసిన సీనియర్లు ఎవరన్నా దొరికితే కూర్చోబెట్టి అడుగు. హైదరాబాద్ కాలేజీలోనూ ఇవే అడగాల. ఫీజొక్కటే కాదు, హాస్టల్, తిండి, ఛార్జీలు అన్నీ కాయితం మీద రాసి నాయన ముందర పెట్టు.

ల్యాబ్ బాగుంటే నేనైతే ఎస్కేయూలోనే చేరమంటా, కానీ గుత్తి నుంచి రోజూ అప్ అండ్ డౌన్ మాత్రం వద్దమ్మా, సాయంత్రం లైబ్రరీలో కూర్చునే టైమంతా రైలుకే పోతుంది, హాస్టల్‌కు అప్లై చెయ్యి.