ఉంగరం తీసేసి ఫోన్ ఎత్తే అబ్బాయికి

ఉత్తరం: "నాకు 29 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాలుగేళ్లుగా కొరియాలో, సువాన్‌లో ఉద్యోగం. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయారు, అప్పట్నుంచి అమ్మే అంతా, బ్యాంకు లోన్ తెచ్చి ఇంజనీరింగ్ చదివించింది. ఇక్కడి అమ్మాయిని ప్రేమిస్తున్నాను. వీళ్లకు 'రోజుల' పిచ్చి ఎక్కువ. ఫిబ్రవరి 14న ఆమె చాక్లెట్ ఇస్తే, మార్చి 14 వైట్ డేకి నేను క్యాండీ ఇవ్వాలి. నవంబర్ 11న పెపెరో డే. ప్రేమ మొదలై వంద రోజులకు ఒకటి, రెండు వందలకు ఒకటి. ఈసారి వైట్ డే మర్చిపోయి, రాత్రి పదకొండింటికి దొరికిన లాలీపాప్‌లు పట్టుకెళితే ఏడ్చేసింది. వచ్చే నెల మాకు వెయ్యో రోజు. ఎంతలో ఏం కొనాలి? మనవాళ్లలో ఇలాంటివి ఉండవని ఆమెకు ఎలా చెప్పాలి? అమ్మకు ఈ విషయం ఇంకా తెలియదు. వీడియో కాల్ చేసేటప్పుడు కపుల్ రింగ్ తీసి బియ్యం డబ్బా మీద పెడతాను. అమ్మకు పంపమని ఆమె ఇచ్చిన జిన్‌సెంగ్ (ఒంటికి బలమని తినే వేరు) పెట్టెలు మూడు బీరువాలోనే ఉన్నాయి. దసరాకు వస్తే పెళ్లిచూపులని అమ్మ అంటోంది. చెబితే తట్టుకోలేదు."

జవాబు:

మా అబ్బాయి ఈడువాడివి, నువ్వనే అంటాను. ఉత్తరమంతా కానుకల గురించి రాసి, బియ్యం డబ్బా గురించి ఒకే ఒక్క మాట రాశావు. నాకు మాత్రం కళ్లముందు అదే కనపడుతోంది.

కానుక సంగతి ముందు తేల్చేద్దాం, రెండు నిమిషాల పని. నీ జీతానికి తగ్గట్టు ఏదో ఒకటి కొను. బూట్లు, చెప్పులు మాత్రం వద్దు. ఇస్తే వాటిని తొడుక్కుని మనల్ని వదిలి వెళ్లిపోతారని అక్కడ ఒక నమ్మకం. రోజు లెక్క కూడా సరిగ్గా వేసుకో. మనం పురుడు లెక్కపెట్టినట్టే, వాళ్లకు మొదలైన రోజే ఒకటో రోజు. ఒక రోజు ఆలస్యంగా కేక్ పట్టుకుని వెళ్లావంటే మళ్లీ లాలీపాప్‌ల కథే.

ఇక మనవాళ్లలో ఇలాంటివి ఉండవన్న మాట. ఎవరు చెప్పారు నీకు? ఆషాఢం సారెలో ఎన్ని అరిసెలు వచ్చాయో, సంక్రాంతికి అల్లుడికి పెట్టిన బట్టలు ఏ కొట్లో కొన్నారో లెక్కపెట్టేవాళ్లం మనం. మా పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా, మా మేనత్తకు చీర పెట్టడం మర్చిపోయారన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో వినపడుతూనే ఉంటుంది. మనకు రోజులు లేకపోవడం కాదు, మన రోజులన్నీ బంధువులవి. వాళ్లు ఇద్దరి కోసం కూడా కొన్ని పెట్టుకున్నారు, అంతే తేడా.

వాటిలో సగం వ్యాపారమేనంటావా, ఒప్పుకుంటాను. పెపెరో ఒక కంపెనీ బిస్కట్. నాలుగు ఒకట్లు పక్కపక్కన నిలబడితే నాలుగు పుల్లల్లా ఉంటాయని ఆ రోజు పట్టుకున్నారు. అదే నవంబర్ 11 అక్కడ రైతుల రోజు కూడా. చైనా అక్షరాల్లో పదినీ ఒకటినీ ఒకదాని కింద ఒకటి రాస్తే మట్టి అనే అక్షరం అవుతుందట. బిస్కట్లెందుకు, మన బియ్యం తిందామనేవాళ్లు ఆ రోజు పొడుగాటి బియ్యప్పిండి కడ్డీలు పంచుకుంటారు. ఇన్నేళ్లుగా ఉంటున్నావు, వీటిలో ఒక్కటైనా ఆ పిల్లను అడిగి తెలుసుకున్నావా, లేక ఖర్చు లెక్కే చూసుకున్నావా?

ఆ పిల్ల ఏడ్చింది లాలీపాప్‌ల కోసం కాదు. ఆ మూడు పెట్టెలు ఎప్పుడెప్పుడు ఇచ్చిందో గుర్తు చేసుకో. నా అంచనా తప్పు కాకపోతే రెండు చుసోక్ అనే వాళ్ల పంటల పండగలకు, ఒకటి మే 8కి. మే 8 వాళ్లకు అమ్మానాన్నల రోజు. 1973కు ముందు అది ఒక్క అమ్మ రోజే. ఆ రోజు కార్నేషన్ పువ్వు పెట్టి, పెద్దవాళ్ల చేతిలో డబ్బో, ఒంటికి మంచిదని జిన్‌సెంగో పెడతారు. తను చూడని, తన పేరు కూడా తెలియని ఒక తెనాలి అమ్మకు ఆ పిల్ల మోకాళ్ల నొప్పులు తగ్గాలని పెట్టె కొంది. వాళ్ల మర్యాద ప్రకారం రెండు చేతులతో ఇచ్చి ఉంటుంది. నువ్వూ రెండు చేతులతోనే అందుకుని ఉంటావు. తీసుకెళ్లి బీరువాలో పెట్టేశావు. "అమ్మకు నచ్చిందా?" అని అడిగితే ఏం చెప్పావో నువ్వు రాయలేదు, నేనూ అడగను.

అక్కడ ఊరికే ఎవరినీ ఇంట్లోవాళ్లకు చూపించరు. చూపించారంటే పెళ్లి మాట దగ్గరికి వచ్చినట్టే లెక్క. ఆ సంగతి ఆమెకు తెలుసు. వెయ్యి రోజులుగా చూస్తోంది. వంద రోజులకు నువ్వు తొడుక్కున్న ఉంగరం అమ్మ ఫోన్ రాగానే వేలినుంచి దిగిపోవడం ఆమె ఒక్కసారైనా చూసే ఉంటుంది. ఇలాగే ఉంటే ఏదో ఒక ఏప్రిల్ 14న, జోడీ లేనివాళ్ల రోజున, ఒక్కడివే కూర్చుని నల్ల సాస్ నూడుల్స్ తింటావు.

కాబట్టి నాయనా, నీ సమస్య ఆ అమ్మాయితో కాదు, మీ అమ్మతో. "చెబితే తట్టుకోలేదు" అని రాశావు. మొగుడు పోయిన ఏడాదే ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకు చుట్టూ తిరిగి, నిన్ను ఇంజనీరింగ్‌లో చేర్పించి, విమానం ఎక్కించిన మనిషి ఆమె. తట్టుకోలేనిది ఆమె కాదు, నువ్వు. ఆమె మొహం ముడుచుకుంటే చూడటం నీవల్ల కాదు. దానికి అమ్మ మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నావు. అమ్మ దగ్గర అబద్ధం ఆడుతూ నెలనెలా డబ్బు పంపిస్తే బాధ్యత తీరిపోయిందని నేను అనుకోను. పైగా దసరాకు ఎవరింటికో వెళ్లి, పట్టుచీర కట్టించి కూర్చోబెట్టిన పిల్లను చూసి, బజ్జీలు తిని, "తర్వాత చెబుతాం" అని లేచి వస్తావా? ఆ పిల్లకూ ఒక అమ్మ ఉంటుంది.

అమ్మ ఏడవొచ్చు. నాలుగు రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. మేనమామ చేత ఫోన్ చేయించొచ్చు. "కులం, భాష, తిండి" అనొచ్చు. ఒప్పుకోకపోవచ్చు కూడా. ఒప్పుకుంటేనే చెబుతాననే బేరం పెట్టుకోకు. చెప్పడం నీ పని, ఒప్పుకోవడం ఆమె ఇష్టం. కొరియావాళ్లు ఇలా, కొరియావాళ్లు అలా అని పెద్ద ఉపన్యాసం కూడా మొదలుపెట్టకు. అక్కడ మొదటి జీతంతో అమ్మానాన్నలకు ఎర్రటి లోదుస్తులు కొనే పాత ఆనవాయితీ ఉంది. నువ్వు మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నావు కదా, కొనకుండా ఉంటావా! అది చెప్పు, నవ్వుతుంది. తర్వాత పెట్టెలు చూపించి, ఇవి నీకోసం ఎవరు కొన్నారో అడగమను.

అంతకంటే ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి బీరువా సంగతి ఒప్పుకో. ఆమె తిడితే పడు.

ఆదివారం సాయంత్రం చెయ్యి ఫోన్. మీకు ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇక్కడ అయిదు. టీ తాగేసి, సీరియళ్లు ఇంకా మొదలుకాక, అమ్మ తీరిగ్గా ఉండే వేళ. ఉంగరం తియ్యకు. చెయ్యి కెమెరాకు కనపడేలా పెట్టుకుని మామూలుగా మాట్లాడు. వేలికి ఆ ఉంగరం ఏమిట్రా అని ఆమే అడుగుతుంది.