స్టేజీ మీద ఏడ్చిన మేనమామ

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ వైపు నుంచి, రెండోసారి మీవారి వైపు నుంచి.

చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. తెనాలి వైపు ఒక ఊరు. ఈవిడ భర్త కరెంటు లైన్‌మన్, నలభై రెండేళ్లు. మామగారు పోయి పద్నాలుగు నెలలైంది, సంవత్సరీకం కూడా అయిపోయింది. మొన్న వదినగారి కూతురి ఓణీల ఫంక్షన్‌లో మేనమామ హోదాలో బట్టల పళ్లెం పట్టుకుని ఆయన స్టేజీ ఎక్కారు. సరిగ్గా అప్పుడే వెనకున్న ఎల్ఈడీ స్క్రీన్ మీద మామగారు మనవరాలిని సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకున్న పాత ఫొటో పడింది. అంతే, పళ్లెం చేతిలో ఉండగానే ఆయన వెక్కి వెక్కి ఏడ్చేశారు, నాలుగొందల మంది ముందు. భోజనాల దగ్గర అత్తగారు "శుభమా అని పిల్లకి ఓణీ వేస్తుంటే కన్నీళ్లేంట్రా" అని కసిరారు. వదినగారి భర్త ఆ వీడియోని నవ్వే బొమ్మలు పెట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వేశారు. ఇంటికొచ్చాక ఈవిడ కూడా "అందరి ముందూ ఏంటండీ అది, చిన్నపిల్లాడిలా" అన్నారు. అప్పటి నుంచి ఆయన అవసరానికి మించి మాట్లాడటం లేదు, వచ్చే నెల పెళ్లికి రానంటున్నారు. ఎనిమిదేళ్ల కొడుకేమో "నేను నాన్నలా ఏడవను" అంటున్నాడు.

మీరు అడిగింది రెండు మాటలు: ఆయనకేమైనా జబ్బా, డాక్టర్‌కి చూపించాలా?

ఆ ఏడుపు జబ్బు కాదు. తండ్రి పోయిన మనిషి తండ్రి ఫొటో చూసి ఏడ్చాడు, అందులో వైద్యానికి దొరికేది ఏమీ లేదు. నన్ను కంగారు పెట్టింది మీ ఉత్తరంలో మీరు పైపైన రాసేసిన ఇంకో వాక్యం: "మామయ్యగారు పోయిన రోజు మాత్రం ఆయన ఒక్క చుక్క కూడా కార్చలేదు, ఎంతో ధైర్యంగా అన్నీ దగ్గరుండి చూసుకున్నారు."

ఆ రోజు ఆయనకి ఏడవడానికి టైమ్ ఎక్కడుందో ఒక్కసారి లెక్కవేయండి. షామియానా, కుర్చీలు, ఫ్రీజర్ బాక్స్, ఊరినుంచి వచ్చేవాళ్లకి కాఫీలు, పాడె, తలకొరివి, పదకొండు రోజులు, భోజనాలు, ఆ బిల్లులు, పంచాయతీలో డెత్ సర్టిఫికెట్, అత్తయ్యగారి పెన్షన్ కాగితాలు. మధ్యలో వచ్చిన ప్రతి పెద్దమనిషీ భుజం మీద చెయ్యేసి చెప్పేది ఒకటే కదా, "నువ్వే ఇలా అయిపోతే మీ అమ్మని ఎవరు చూస్తారు?" ఆ మాటని మనం ఓదార్పు అనుకుంటాం. అవతలివాడికి అది ఆర్డర్ లాగా వినిపిస్తుంది.

నా సంగతే చెబుతాను. మా నాన్న పోయినప్పుడు నేనూ ధైర్యవంతుణ్ణే. మూడు నెలల తర్వాత బ్యాంకులో జాయింట్ అకౌంట్ నుంచి నాన్న పేరు తీయించడానికి ఫారం నింపుతుంటే, ఆయన పేరు రాయాల్సిన గడి పైన "మరణించిన ఖాతాదారు" అని ఉంది. పెన్ను కదల్లేదు. వెనక క్యూలో ఆరుగురున్నారు. కౌంటర్‌లో అమ్మాయి ఏమీ అనకుండా తన వాటర్ బాటిల్ ఇటు జరిపింది. ఇంతమందికి కౌన్సెలింగ్ చేసిన నాకే ఆ రోజు మొదట వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా, "ఛ, ఎవరైనా తెలిసినవాళ్లు చూశారా" అని. కాబట్టి మీకు సిగ్గేసిందంటే నేను మిమ్మల్ని తిట్టలేను.

ఆ సిగ్గు మనకి ఎవరో తాగించారు. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు" అనే సామెత మీరూ వినే ఉంటారు. ఒక్క దెబ్బకి ఇద్దరి నోళ్లూ నొక్కేసిన సామెత అది. కానీ మనవాళ్లు ఎప్పుడూ ఇంతే అనుకోకండి. కురుక్షేత్రంలో అర్జునుడు రెండు సైన్యాల మధ్య కళ్లనిండా నీళ్లతో రథంలో కూలబడ్డాడు, అంతకంటే పబ్లిక్ ప్లేస్ ఇంకోటి ఉందా? సీత కనిపించక రాముడు చెట్టునీ పుట్టనీ అడుగుతూ ఏడ్చాడు. మీ తెనాలి వైపు పద్యనాటకాలు బాగా ఆడేవారు కదా, హరిశ్చంద్ర కాటిసీను వచ్చేసరికి మీసాలు తిప్పే పెద్దరైతులు కూడా కండువాతో కళ్లు ఒత్తుకునేవాళ్లు, వాళ్లని ఎవరూ ఆడంగి అనలేదు. ఇప్పటికీ పెళ్లిలో అప్పగింతల దగ్గర ఆడపిల్ల తండ్రి ఏడవకపోతేనే వింతగా చూస్తాం, ఫొటోగ్రాఫర్ ఆ షాట్ కోసమే కాచుకుని ఉంటాడు. అంటే మన దగ్గర మగాడు ఏడవకూడదని కాదు, మనం గీసిన గీతలోపలే, మనం చెప్పిన టైమ్‌కే ఏడవాలి. మీవారు చేసిన తప్పల్లా ఫంక్షన్ మారిపోవడం.

ఈ మధ్య కాలం మారిందని కూడా అంటుంటారు, కొంత నిజమే. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో, ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశాక మన బ్యాట్స్‌మన్ వినోద్ కాంబ్లీ ఏడుస్తూ బయటికి నడిచాడు, ఆ రోజుల్లో దాన్ని జోకుగా చెప్పుకున్నవాళ్లు నాకు బాగా గుర్తు. 2019 సెప్టెంబర్ 7న చంద్రుడి మీద దిగాల్సిన విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాక ఇస్రో ఛైర్మన్ శివన్ గారు ఏడిస్తే ప్రధాని దగ్గరికి తీసుకుని వీపు నిమిరారు, అది దేశమంతా చూసింది. ఇక మన హైదరాబాద్ సిరాజ్. 2020 నవంబర్‌లో అతను ఆస్ట్రేలియాలో ఉండగా ఆటో నడిపి కొడుకుని క్రికెటర్‌ని చేసిన తండ్రి పోయాడు. సిరాజ్ ఇంటికి రాలేదు, అక్కడే ఉండిపోయాడు. ఆరేడు వారాల తర్వాత, 2021 జనవరి 7న సిడ్నీ టెస్టు మొదలయ్యే ముందు జాతీయగీతం వస్తుంటే కెమెరాల ముందు ఏడ్చాడు. సిరీస్ గెలిచి హైదరాబాద్‌లో దిగాక ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికే వెళ్లాడు. మీవారిది కూడా అచ్చం ఇదే కథ కదమ్మా. తండ్రి పోయిన రోజు పని ఉంది, దుఃఖం వాయిదా పడింది, అది తనకి తోచిన చోట, అందరూ చూస్తుండగా బయటికొచ్చింది. సిరాజ్ వీడియోని స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో మీ అన్నయ్యగారు కూడా ఉండే ఉంటారని నా అనుమానం. అదే కన్నీళ్లు ఇంట్లో బావమరిదికి వస్తే నవ్వే బొమ్మలు. టీవీలో కనిపించే మగాడికే మనం పర్మిషన్ ఇచ్చాం, అదీ అతను గెలిచినవాడో గొప్పవాడో అయితే. (రాజకీయ నాయకుల కన్నీళ్ల సంగతి వదిలేయండి, అవి నిజమా కాదా అన్నది చూసేవాడి పార్టీని బట్టి ఉంటుంది.)

సరే, ఇప్పుడేం చేయాలి.

మొట్టమొదట ఆ "చిన్నపిల్లాడిలా" అన్న మాట వెనక్కి తీసుకోవాలి. "రండి కూర్చోండి, మీతో మాట్లాడాలి" అని ఎదురుగా కూర్చోబెట్టకండి, ఆయన ఇంకా బిగుసుకుపోతారు. చాలామంది మగవాళ్లు మొహంలోకి చూస్తూ మాట్లాడలేరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాకో, పక్కపక్కన నడుస్తున్నప్పుడో చెప్పండి. చిన్నగా చాలు: "ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. మిమ్మల్ని ఎప్పుడూ అలా చూడలేదు కదా, భయమేసి ఏదో అనేశాను." జవాబు రాకపోవచ్చు, "సర్లే" అని కూడా అనకపోవచ్చు. రెండోసారి గుచ్చి అడగొద్దు. "మనసులో పెట్టుకోకండి, ఏడ్చేయండి" లాంటి డైలాగులు అసలే వద్దు, ముందు ఏడవొద్దని, ఇప్పుడు ఏడవమని, మనిషి ఎన్ని ఆర్డర్లు వింటాడు?

రెండోది ఆ వీడియో. అది ఆయన అడగరు, మీరే అడగాలి. నేరుగా వదినగారికి ఫోన్ చేసి "వదినా, అది మీ నాన్నగారి కోసం ఏడ్చిన ఏడుపు, అన్నయ్యగారికి చెప్పి గ్రూపులోంచి తీయించండి" అనండి, అంతకు మించి గొడవ పెట్టుకోవద్దు. పోయింది ఆవిడ తండ్రి కూడా అన్నది ఆ హడావుడిలో అందరూ మర్చిపోయినట్టున్నారు.

అత్తయ్యగారి మీద మీకు కోపంగా ఉంది. ఉండొచ్చు. కానీ ఆవిడ ఆ రోజు వెనక వరసలో కూర్చున్నారని, స్టేజీ ఎక్కలేదని మీరే రాశారు. ఎందుకు ఎక్కలేదో నేను చెప్పక్కర్లేదు. భర్త ఫొటో అంత పెద్దగా స్క్రీన్ మీద కనబడుతుంటే, మనవరాలికి అక్షింతలు కూడా వేయకుండా, శుభకార్యంలో కన్నీళ్లు పెట్టకూడదని పళ్లు బిగబట్టి కూర్చున్న మనిషి, కొడుకు ఏడ్చేసరికి కసరక ఏం చేస్తుంది? తను బిగబట్టుకున్నది వాడు వదిలేశాడు. నా ఊహ తప్పు కావచ్చు, అయినా ఒక సాయంత్రం ఆవిడ దగ్గర ఊరికే కూర్చుని చూడండి.

పిల్లాడికి పాఠం చెప్పొద్దు. "నాన్నకి తాతయ్య గుర్తొచ్చాడు, అందుకని ఏడుపొచ్చింది, నీకూ గుర్తొస్తే నాన్న దగ్గరికి వెళ్లు" అంటే సరిపోతుంది. వాడు తండ్రి దగ్గరికి వెళ్లి "తాతయ్య సైకిల్ నిజంగా అంత పెద్దదా" అని అడిగాడనుకోండి, నేను చెప్పే సలహాలన్నిటికంటే అది బాగా పనిచేస్తుంది.

డాక్టర్ సంగతి. ఏడ్చినందుకు అక్కర్లేదు అన్నాను కదా, మాట్లాడకపోవడాన్ని మాత్రం గమనించండి. రెండు వారాలు దాటినా నిద్ర సరిగ్గా లేకపోవడం, తిండి తగ్గిపోవడం, మందు పెరగడం, "నేనున్నా లేకపోయినా ఒకటే" లాంటి మాట, ఇలాంటివి కనిపిస్తే ఆగొద్దు. ఆయన ఉద్యోగం స్తంభాల మీద. ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపించే అనుమతి) తీసుకోకుండా పైకెక్కితే ఏమవుతుందో మీకు తెలుసు, నిద్రలేని మనిషి మర్చిపోయేది అలాంటివే. మిమ్మల్ని భయపెట్టాలని కాదు కానీ ఒక లెక్క చెబుతాను: 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది, అందులో 1,22,724 మంది మగవాళ్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన లెక్క ఇది. అందుకే "మగాడు, తనే తట్టుకుంటాడులే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన చేయకపోయినా మీరు చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు. ఏ కారణమూ లేకుండా, బాధ లేకుండానే ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొస్తుంటే మాత్రం, ముఖ్యంగా తలకి దెబ్బ తగిలాకో పక్షవాతం వచ్చాకో అలా అవుతుంటే, అది వేరే సంగతి, నరాల డాక్టర్‌కి చూపించాలి. మీవారిది అది కాదు.

వచ్చే నెల పెళ్లికి రానంటే బలవంతపెట్టకండి. "ఆయనకి డ్యూటీ ఉంది" అని చెప్పి మీరు వెళ్లి రండి, అబద్ధమేం కాదు, లైన్‌మన్‌కి ఎప్పుడూ డ్యూటీయే. వస్తే మాత్రం పక్కనే కూర్చోండి. మళ్లీ కళ్లు తడిస్తే అటూ ఇటూ చూడకుండా ఒక కర్చీఫ్ చేతిలో పెట్టండి, చాలు.

ఈలోగా ఒక పని. ఆ స్క్రీన్ మీద పడిన సైకిల్ ఫొటో ఒరిజినల్ ఎవరి దగ్గరుందో వదినగారిని అడిగి ఒక కాపీ తెప్పించండి. దండ వేసి గోడకి తగిలించడానికి కాదు. ఆయన ఖాళీగా ఉన్నప్పుడు చేతికిచ్చి, ఆ ఫొటో ఎక్కడ తీశారో, సైకిల్ ఎప్పుడు కొన్నారో అడగండి. చెప్పడం మొదలుపెడితే, మధ్యలో టీ పెట్టడానికి లేవకండి.