నెల తప్పగానే బైపోలార్ మాత్రలు ఆపేయాలా?

సొంతంగా మాత్రం ఆపొద్దు. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారుకీ, కొన్నాళ్లు తీవ్రమైన దిగులుకీ ఊగే జబ్బు; మందు ఉన్నట్టుండి మానేస్తే అది తిరగబెట్టే ముప్పు ఎక్కువ. తల్లికి నిద్ర, తిండి కరువైతే ఆ దెబ్బ బిడ్డకూ తగులుతుంది. ఆ రోజే సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండి.

ఏ మందు వాడుతున్నారన్నది ముఖ్యం. వాల్‌ప్రోయేట్ అయితే డాక్టరుకు చెప్పడంలో అసలు ఆలస్యం వద్దు. గర్భంలో దాని ప్రభావానికి గురైన పిల్లల్లో 100 మందికి దాదాపు 10 మందికి పుట్టుకతో లోపాలు, 30–40 మందికి మాటలోనో చదువులోనో ఇబ్బందులు వస్తాయి. బిడ్డ వెన్నెముక రూపుదిద్దుకునేది మొదటి వారాల్లోనే, చాలామందికి గర్భం సంగతి తెలియకముందే. కాబట్టి ఈ మాట పెళ్లినాటికే డాక్టరుతో మాట్లాడుకోవాలి. బైపోలార్ మందుల్లో లామోట్రిజిన్ బిడ్డకు కాస్త నయం. కాకపోతే గర్భంలో రక్తంలో దాని స్థాయి పడిపోతుంది, డోసు పెంచాల్సి రావచ్చు.

లిథియం బిడ్డ గుండెలో లోపం వచ్చే అవకాశాన్ని కొద్దిగా పెంచుతుంది. డోసు ఎక్కువైతే ముప్పూ ఎక్కువ. అయినా దానితోనే కుదురుగా ఉన్నవారికి తరచూ రక్తపరీక్షలు, స్కాన్లు చేయిస్తూ కొనసాగించడమే మేలు కావచ్చు.

నాకు ఎక్కువ భయం కాన్పు తర్వాతి రెండు వారాల గురించే. బైపోలార్ ఉన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి అప్పుడు జబ్బు తీవ్రంగా ముదురుతుంది. నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు, అనుమానాలు, పొంతన లేని మాటలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రిళ్లు బిడ్డను అమ్మమ్మో నాన్నో చూసుకుని తల్లిని పడుకోనివ్వాలి.

మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గిస్తారు. లిథియం వాడేవారికి అది ప్రమాదం: ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు విషస్థాయికి చేరవచ్చు. లిథియం పాలలోకీ వెళ్తుంది కనుక పాలివ్వాలా వద్దా అన్నది పిల్లల డాక్టరుతో కలిసి తేల్చుకోండి.