గ్రీన్ కార్డు ఉంది, రీకాల్ పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాం. నాకూ మావారికీ గ్రీన్ కార్డు, మా మరిదికి హెచ్-1బి వీసా. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఈ మధ్యే 18 నిండాయి. మా రాష్ట్ర సెనేటర్ వలసదారుల మీద కఠినమైన బిల్లు తెచ్చాడని, అతన్ని దించడానికి ఇక్కడివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. పక్కింటావిడ "పేరే కదా, రాసెయ్" అంటోంది. సంతకం పెట్టొచ్చా? చందా ఇవ్వచ్చా? రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మన దగ్గర కూడా ఇలా ఎమ్మెల్యేని దించే వీలుందేమో కనుక్కోమని మా మామగారు అన్నారు.

జవాబు: అమ్మా, సంతకం పెట్టకండి. మీరూ, మీవారూ, మీ మరిదీ, ముగ్గురికీ ఇదే మాట. చూడ్డానికి అది కాలనీ సమస్యల మీద రాసే అర్జీలా ఉంటుంది. కానీ రీకాల్ పిటిషన్‌లో, అంటే పదవిలో ఉన్నాయన్ని దించేందుకు మధ్యలోనే ఎన్నిక పెట్టమనే అర్జీలో, పేరు రాయడమంటే "నేను ఈ నియోజకవర్గంలో ఓటు హక్కున్న మనిషిని" అని రాసివ్వడమే. ఓటరు కాదని తెలిసీ సంతకం పెడితే అరిజోనా చట్టం ప్రకారం నేరం. ఇమిగ్రేషన్ వైపు చిక్కు ఇంకా పెద్దది. పౌరులు కానివాళ్ళు ఏదైనా ప్రయోజనం కోసం పౌరులమని చెప్పుకుంటే దేశం నుంచి పంపేయడానికి ఫెడరల్ చట్టంలో అదొక్కటే చాలు. ఒక్క సంతకం అంత దూరం పోతుందా? పోదని వాదించడానికి మాలాంటి లాయర్లకు చోటుంది. ఆ వాదనకయ్యే ఖర్చూ, పాడయ్యే నిద్రా మీవి. పక్కింటావిడ పౌరురాలు అయ్యుంటుంది, ఆవిడకి అది పేరే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పిటిషన్ వల్ల ఇరుక్కున్నవాళ్ళు తక్కువ. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో "ఓటరుగా నమోదు చేయాలా" అన్న గడిలో చదవకుండా టిక్కు పెట్టేసినవాళ్ళే ఎక్కువ. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400లో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని సూటిగా అడుగుతారు. మీరిద్దరూ ఓ రోజు కూర్చుని ఆ పాత ఫారాలు గుర్తు తెచ్చుకోండి. అలాంటిదేమైనా జరిగి ఉంటే ఎన్-400 వేయకముందే లాయర్‌ని కలవండి, వేశాక కాదు.

ఇక చందా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వచ్చు. విదేశీయులు ఎన్నికల్లో డబ్బు పెట్టకూడదన్న ఫెడరల్ నిషేధం రాష్ట్ర, స్థానిక ఎన్నికలకూ ఉంది గానీ, శాశ్వత నివాసులను, అంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను, అందులోంచి మినహాయించారు. హెచ్-1బి మీద ఉన్న మీ మరిదికి ఆ మినహాయింపు లేదు. పది డాలర్లు కూడా ఇవ్వకూడదు. ఆయన డబ్బు మీ చేత ఇప్పించడమూ కుదరదు. ఇల్లంతా ఒకే ఖాతా వాడుకోవడం మనవాళ్ళ అలవాటు కదా, అందుకని మీ జీతం డబ్బులోంచి మీ కార్డుతోనే కట్టండి, రసీదు దాచుకోండి. మరిది జీతం లేకుండా వాలంటీరుగా సాయపడవచ్చు. కుర్చీలు వేయొచ్చు, సభకు వెళ్ళొచ్చు, కార్డులు పంచొచ్చు. ప్రచారం డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే చోట మాత్రం కూర్చోకూడదు. క్లిప్‌బోర్డు పట్టుకుని సంతకాలు సేకరించే పని మీ ముగ్గురిలో ఎవరూ చేయొద్దు. ఓటరుగా నమోదయ్యే అర్హత ఉన్నవాళ్ళే దాన్ని చేయాలి.

మాట్లాడటానికి భయపడనక్కర్లేదు. ఈ దేశంలో ఉంటున్న విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని 1945లోనే బ్రిడ్జెస్ వర్సెస్ విక్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2025లో పాలస్తీనా నిరసనల్లో పాల్గొన్న గ్రీన్ కార్డు విద్యార్థులను సైతం ప్రభుత్వం నిర్బంధించి పంపేయాలని చూసిందని మీకూ తెలుసు. రాష్ట్ర సెనేటర్ని దించమనడం వేరే సంగతే. అయినా రోజులు అలా ఉన్నాయి కాబట్టి పోలీసులతో తోపులాట జరిగే చోటికి మాత్రం పోకండి. గ్రీన్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. 18 దాటిన ప్రతి వలసదారుడూ అలా ఉంచుకోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న ఫెడరల్ రూలు.

మీ ఇంట్లో ఈ పనికి అసలు మనిషి మీ అబ్బాయి. ఎందుకంటున్నానో మీ పక్క ఊరు మీసా కథ వింటే తెలుస్తుంది. పోలీసులు అనుమానం వస్తే కాగితాలు అడగాలన్న ఎస్‌బి 1070 చట్టాన్ని ముందుండి నడిపించిన రస్సెల్ పియర్స్ అక్కడి సెనేటర్. 2010 ఏప్రిల్లో దానిపై గవర్నర్ సంతకం అయింది. తర్వాత ఆయన రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడూ అయ్యారు. రాండీ పర్రాజ్ వంటివాళ్ళు కొందరు కలిసి ఆయన మీద పిటిషన్ మొదలుపెట్టారు. గత ఎన్నికలో ఆ పదవికి పడ్డ ఓట్లలో 25 శాతం సంతకాలు 120 రోజుల్లో తేవాలి. అక్కడ లెక్క 7,756. వాళ్ళు తెచ్చినవి 18 వేలకు పైనే, పరిశీలనలో నిలిచినవి 10,365. చూశారా, ఎన్ని ఎగిరిపోయాయో! ఓటరు జాబితాలో లేని పేర్లు, వేరే నియోజకవర్గం వాళ్ళ పేర్లు ఏమాత్రం పనికిరావు. మీ సంతకం పడినా ఆ కుప్పలోకే పోతుంది, మీకు మిగిలేది చిక్కు ఒక్కటే.

పిటిషన్ చట్టప్రకారం లేదని పియర్స్ పక్షం కోర్టుకు వెళ్ళింది. చట్టాన్ని చాలావరకు పాటించారు, అది సరిపోతుందని రాష్ట్ర సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులో ఎన్నికకు దారి వదిలింది. ఆ తర్వాత శాసనసభ్యులు ఊరుకుంటారా? రీకాల్ నిబంధనలు అక్షరం తప్పకుండా పాటించాల్సిందేనని చట్టం మార్చేశారు. కాబట్టి ఇప్పుడు సేకరించేవాళ్ళు అప్పటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి.

2011 నవంబరు 8న ఓటింగ్. అరిజోనాలో "దించాలా వద్దా" అన్న ప్రశ్న ఉండదు. పదవిలో ఉన్నాయన పేరు, పోటీకొచ్చినవాళ్ళ పేర్లు ఒకే బ్యాలెట్ మీద ఉంటాయి. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నిక, ప్రైమరీ, కూడా లేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలుగా ప్రైమరీలో సొంత పార్టీ వీరాభిమానులే తేల్చేసే పదవికి ఈసారి డెమొక్రాట్లూ, ఏ పార్టీకీ చెందనివాళ్ళూ కలిసి ఓటేశారు. ఎదురుగా నిలబడ్డ జెర్రీ లూయిస్ కూడా రిపబ్లికనే, పియర్స్ చర్చికే చెందినాయన. సుమారు 55 శాతం ఓట్లతో గెలిచాడు. ఓట్లు చీల్చడానికి మన దగ్గరలాగే డమ్మీ అభ్యర్థిని కూడా దింపారు. పియర్స్ మద్దతుదార్లే ఆవిడను తెచ్చారని కోర్టులో బయటపడి, ఆవిడ తప్పుకుంది. పేరు మాత్రం బ్యాలెట్ మీద అలాగే ఉండిపోయింది. ఎస్‌బి 1070లో పెద్ద నిబంధనలు మూడింటిని 2012 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది, కాగితాలు అడిగే నిబంధనను మాత్రం అప్పటికి ఉంచింది.

కాబట్టి మీ అబ్బాయి ముందు ఓటరుగా నమోదు కావాలి. తన ఇల్లు ఆ సెనేటర్ నియోజకవర్గంలోనే ఉందో లేదో చూసుకుని, సేకరించే మనిషి ఎదుటే, తన చేత్తోనే, నమోదులో ఉన్న అడ్రసుతోనే సంతకం పెట్టాలి. ఒకసారే. "అమ్మ తరఫున ఇంకోటి" అంటే కుదరదు.

మీ మామగారికి చెప్పండి: ఎమ్మెల్యేనీ ఎంపీనీ ఓటర్లు మధ్యలో దించే చట్టం మన దేశంలో లేదు. 1970ల్లో జయప్రకాశ్ నారాయణ్ అడిగినా రాలేదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో మునిసిపల్ అధ్యక్షుల వరకు ఉంది. అక్కడ ముందు నాలుగింట మూడొంతుల మంది కౌన్సిలర్లు కోరాలి, ఆ తర్వాతే జనం ఓటు. బ్యాలెట్ మీద రెండే గుర్తులు ఉంటాయి, ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ.