ఆరు బండ్ల రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, విక్టోరియా అనే చిన్న ఊళ్లో ఉన్న సెయింట్ ఫిడెలిస్ చర్చి చరిత్ర మీద నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. 141 అడుగుల జంట గోపురాలతో మొదలుపెట్టి, 1912లో అమెరికా రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయాన్ దానిని ‘మైదానాల కెథెడ్రల్’ అని మెచ్చుకున్న సంగతి చెప్పి, 2014లో లభించిన బసిలికా హోదాతో, అంటే విశిష్టమైన చర్చికి పోప్ తరఫున ఇచ్చే గౌరవంతో, ముగించావు. బిషప్ పీఠం లేని చర్చికి కెథెడ్రల్ అన్నది మెప్పుకోలు మాటే గాని హోదా కాదని పాఠకుడికి ఒక్క ముక్కలో చెప్పవలసింది. అది చిన్న లోపం. కట్టినవారు ఎక్కడా కనబడకపోవడం పెద్ద లోపం.

‘జర్మనీ నుంచి వలస వచ్చినవారు’ అన్న వాక్యాన్ని ముందు దిద్దుకో. 1876లో అక్కడ, ఇప్పుడు విక్టోరియాలో భాగమైన హెర్జోగ్ అనే ఊరు కట్టుకున్నవారు వచ్చింది రష్యా నుంచి. సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ 1763లో పలికిన ఆహ్వానాన్నీ, సైన్యంలో చేరనక్కరలేదన్న హామీనీ నమ్మి వోల్గా నదీతీరంలో స్థిరపడిన జర్మన్ల సంతతి వారు. నూరేళ్లు దాటినా భాషనూ మతాన్నీ వదలని ఆ జనం, 1874లో ఆ మినహాయింపు రద్దయ్యాక మళ్లీ మూటాముల్లె సర్దుకున్నారు. కొత్త నేల మీద మతగురువు లేని ఆదివారాల్లో ఒక కొయ్య సిలువ దగ్గర చేరి ప్రార్థించుకున్నారు. నీ వ్యాసంలో ఆ సిలువే లేదు.

ఇక నీవు చివరలో ఒక్క వాక్యంలో దాటవేసిన విషయానికి వస్తాను. ఇప్పుడున్న చర్చిని 1908లో మొదలుపెట్టి 1911లో పూర్తి చేశారు. అందుకోసం పన్నెండేళ్లు దాటి, పూజలో ఇచ్చే సత్ప్రసాదం (పవిత్ర రొట్టె) స్వీకరించే ప్రతి ఒక్కరికీ 45 డాలర్లు, ఆరు బండ్ల రాయి చొప్పున వంతు వేశారు. లెక్క కట్టి చూడు. అలాంటివారు ఎనిమిదిమంది ఉన్న ఇంటి మీద 360 డాలర్లు, 48 బండ్లు పడతాయి. ఊరికి దక్షిణాన తవ్విన సున్నపురాయిని గుర్రపు బండ్ల మీద తోలుకొచ్చిన ఆ రైతులు కూలి కోసం మోసినవారు కారు, పైగా డబ్బు కూడా తామే చెల్లించుకున్నారు. గుడి కట్టించిన దాతల గురించీ, గుడికి రాళ్లెత్తిన కూలీల గురించీ వేర్వేరుగా రాయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కరే కాబట్టి ఆ అలవాటు నీకు పనికిరాదు.

కోతల రోజుల్లో బండి తోలింది ఎవరు, మగదిక్కు లేని ఇంటి వంతును ఎవరు భరించారు వంటి ప్రశ్నలతో ఆ చర్చి రికార్డులను వెతుకు. జవాబు దొరకనిచోట ఊహతో నింపకు. బండి దగ్గర మొదలుపెట్టి తిరగరాసి, ఆ ప్రతిని నాకు పంపు.