బొలోన్యా పక్కన మా నాన్నకు దొరికిన బంద

ఇటలీలోని బొలోన్యాలో ఎం.ఎస్. చేస్తున్నాను, అమ్మానాన్న పది రోజులకు వస్తున్నారు, ఇద్దరూ వ్యవసాయం చేసేవాళ్ళే, చర్చిలూ బొమ్మలూ చూపిస్తే రెండో రోజుకే విసుగెత్తిపోతారు, ఇక్కడి పల్లె బతుకు కనిపించే చోటు ఏదైనా ఉందా అని మీరు అడిగారు కదా. ఉంది. మా ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళి చూపించిన చోటే చెబుతున్నాను.

ఊరి పేరు సాన్ మరీనో ది బెంతివోల్యో. బొలోన్యాకు ఉత్తరంగా పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఊరి బస్సులో అరగంట పైన. ఒక్కటే జాగ్రత్త: మ్యాప్‌లో ఉత్త ‘సాన్ మరీనో’ అని కొట్టారంటే రిమిని అవతల కొండ మీదున్న వేరే దేశానికి దారి చూపిస్తుంది. నేను అలాగే కొట్టి, రిమినికి రైలు టికెట్టు కొనేదాకా వెళ్ళాను. ఇది ఆ దేశం కాదు, చదునైన పొలాల మధ్య చిన్న ఊరు. అక్కడ విల్లా స్మెరాల్ది అనే పాత భూస్వామి బంగళాలో రైతు జీవితపు మ్యూజియం ఉంది.

మాది విజయనగరం జిల్లా. నాన్న వరితో పాటు చాలా ఏళ్ళు నార కోసం గోగు వేశాడు. మా చిన్నప్పుడు పంట కోశాక కట్టలు కట్టి బందలో ఊరేసేవారు (చిన్న చెరువుని మా వైపు బంద అంటారు). రెండు మూడు వారాలు ఆ వాసనకి ఊళ్ళోకి వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు అలవాటే. మ్యూజియం గదుల్లో నాన్న మొదట మర్యాదకి తిరిగాడు. నాగళ్ళు చూశాడు, ఎద్దుల బండి చూశాడు, బాగుందన్నాడు. తరువాతి గదిలో ఒక పాత ఫోటో ముందు ఆగిపోయాడు. నీళ్ళలో నడుం దాకా దిగి, కట్టలు లాగుతున్న మనుషులు.

‘ఒరే, ఇది మన గోగే కదరా?’ అన్నాడు.

గోగు కాదు, కనాపా. అంటే నార కోసం పెంచే జనుములాంటి మొక్క, గంజాయి జాతిదే కానీ మత్తుకి పనికొచ్చే రకం కాదు. ఈ బొలోన్యా, ఫెర్రారా మైదానమంతా ఒకప్పుడు దీనికి పెట్టింది పేరు. ఇక్కడి నార ఓడల తెరచాపలకీ మోకులకీ వెళ్ళేది. వెనిస్ ఓడల కార్ఖానాలో మోకులు పేనడానికే మూడు వందల మీటర్ల పైన పొడవున్న శాల ఉండేది, అది ఇప్పటికీ నిలిచే ఉంది. మార్చిలో విత్తితే ఆగస్టుకి మనిషికి రెండింతల ఎత్తు, ఒక్కోసారి నాలుగు మీటర్లు పెరిగేది. కొడవళ్ళతో కోసి, ఎండబెట్టి, ఆకు రాల్చి, పొడవుల వారీగా ఏరి, కట్టలు కట్టేవారు. ఆ పని అంతా ఒకెత్తు, దాని తరువాత చెరువులో పని ఒకెత్తు.

చెరువుని వాళ్ళు మాచెరో అంటారు. పొలాల మధ్య తవ్విన నలుచదరపు గుంతలు. కట్టల్ని తెప్పల్లా పేర్చి, మీద రాళ్ళు పెట్టి ముంచేవారు. నాన్న అక్కడే ఒక ప్రశ్న వేశాడు: ‘ఇంత చదును నేలలో రాళ్ళెక్కడివిరా?’ నిజంగా మంచి ప్రశ్న. ఆ మైదానంలో రాయి దొరకదు, నదుల నుంచి తెచ్చి, తరాల పాటు అవే రాళ్ళు వాడేవారు. వారం పైన ఊరాక ఆగస్టు ఎండలో, ఆ కుళ్ళు నీళ్ళలో దిగి ఒక్కో కట్టనీ నీళ్ళ మీద బాది కడిగేవారు. తడిసిన కట్ట బరువేమిటో మా నాన్నకి ఎవరూ చెప్పక్కరలేదు. ఫోటోలో ఒకాయన భుజం వాలిన తీరు చూసి, ‘ఈయనకి నడుం పోయింది’ అన్నాడు.

తేడా వచ్చిందల్లా నార తీసే దగ్గర. మనం గోగుని నీళ్ళలోనే, తడి మీదే చేత్తో ఒలిచేస్తాం. వాళ్ళు కడిగిన కట్టల్ని ఒడ్డున గొడుగుల్లా నిలబెట్టి ఎండబెట్టి, ఆ తరువాత గ్రామొలా అనే చెక్క పనిముట్టుతో పుల్లని నలగ్గొట్టి నారని విడదీసేవారు. దవడ ఆడినట్టుంటుంది అది. నాన్నకి ఇది నచ్చలేదు. ‘తడి మీదే వచ్చేదానికి రెండు పనులెందుకు’ అని అక్కడే పావుగంట వాదన. నేనేం చెప్పగలను, ఆ మొక్క వేరు, వాతావరణం వేరు అన్నాను. మిగిలిన పుల్లల్ని పొయ్యి రాజెయ్యడానికి దాచేవారని చదివి చెబితే మాత్రం తృప్తిగా తలూపాడు. గోగుపుల్లలు మా వంటింటి మూలనా ఉండేవి.

అమ్మ సంగతి వేరు. ఆవిడ రైతింటి వంటగదిలోనే ఉండిపోయింది. పిండి కలిపే చెక్క పెట్టె, రాగి పాత్రలు, తన చెయ్యంత పొడుగున్న అప్పడాల కర్ర. ‘దీంతో కొడుకుని కొడతారా, పిండి వత్తుతారా’ అంది. ఈ ఎమిలియా ప్రాంతంలో ఇంటి పెద్ద ఆడమనిషిని రెజ్దోరా అంటారు. వంట, కోళ్ళు, గుడ్ల డబ్బు, కోడళ్ళకి పనుల పంపకం అంతా ఆమె చేతిలోనే ఉండేది. అమ్మకి మా నాయనమ్మ గుర్తొచ్చిందట, అదంత ప్రేమగా అన్న మాటేమీ కాదు.

పడకగదిలో ఒక చెక్క చట్రం ఉంటుంది, తప్పక చూపించండి. చలికాలంలో దుప్పటి కింద ఆ చట్రం పెట్టి, లోపల నిప్పుల కుంపటి వేలాడదీసేవారు, పక్క వెచ్చబడేది. చట్రం పేరు ‘పాదిరి’, కుంపటి పేరు ‘సన్యాసిని’. ఇద్దరూ ఒకే పక్కలో! అనువదించి చెప్పేసరికి నాన్న గట్టిగా నవ్వాడు, కాపలా ఆవిడ కూడా నవ్వేసింది.

ఇవన్నీ సరదా విషయాలు. కానీ ఆ బంగళా ఎవరిదో గుర్తుంచుకుని చూడండి. ఒకప్పుడు ఇక్కడి రైతుల్లో చాలామందికి సొంత భూమి లేదు. మెజ్జద్రియా అనే పద్ధతి, మన సగపాలు కౌలు లాంటిది. కుటుంబం మొత్తం యజమాని పొలంలోనే ఉండి, పండినదాంట్లో సగం ఇవ్వాలి. పైగా పండగలకి కోడిపుంజులు, గుడ్లు పట్టుకెళ్ళాలి. ఒప్పందం తెగితే నవంబరు 11, సెయింట్ మార్టిన్ రోజున, సామాను బండికెత్తి ఇంకో పొలం వెతుక్కోవాలి. అందుకే ఇక్కడివాళ్ళు ఇల్లు మారడాన్ని ఇప్పటికీ ‘సాన్ మర్తీనో చెయ్యడం’ అంటారు. 1964లో చట్టం తెచ్చి కొత్త సగపాలు ఒప్పందాలు ఆపేశారు. అప్పటికే జనం ఫ్యాక్టరీలకి వెళ్ళిపోతున్నారు, నైలాన్ వచ్చింది, పత్తి వచ్చింది. సంచులకి మన దేశపు జనపనార (జూట్) వచ్చి కనాపాకి పోటీ అయింది. ఈ మాట చెప్పినప్పుడు నాన్న కాసేపు ఏమీ అనలేదు. మా పక్క జూట్ మిల్లులు ఒక్కొక్కటీ ఎలా మూతపడ్డాయో ఆయన చూసినవాడే.

ఆ 60ల్లోనే, ఇళ్ళలో పనిముట్లు తుక్కుకి పోతుంటే, ఆ పని చేసిన రైతులే కొందరు కలిసి వాటిని పోగుచేయడం మొదలుపెట్టారు. ఎద్దుల బండికి ఉండే స్తదూరా అనే ఇనుప సామాను పేరే తమ గుంపుకి పెట్టుకున్నారు. 1973లో మ్యూజియం తెరిచారు, సరిగ్గా భూస్వామి బంగళాలోనే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పనిముట్టు పక్కన రాసిన చీటీ ఆ పనిముట్టు పట్టుకున్న చేతి నుంచి వచ్చినట్టుంటుంది.

ఇంకో రోజు మిగిలితే పార్మా వైపు ఒజ్జానో తారోలో ఎత్తోరే గ్వతెల్లి మ్యూజియం చూడండి. ఆయన సగపాలు రైతుల కొడుకు, బడిపంతులు, 2000లో పోయారు. సుత్తులు, పటకారులు, చెప్పులు, డబ్బాలు, గడియారాలు, అరవై వేల దాకా వస్తువులు పోగేసి గోడల నిండా ముగ్గులు పెట్టినట్టు అమర్చాడు. చూడ్డానికి అదే అందంగా ఉంటుంది, ఫోటోలు కూడా అక్కడే బాగా వస్తాయి. కానీ మీ నాన్నగారు పొలం మనిషి కాబట్టి ముందు బెంతివోల్యోకే తీసుకెళ్ళమంటాను. రెండు చోట్లకీ వెళ్ళేముందు తెరిచే వేళలు ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే చూసుకోకపోతే టెన్షనే. దగ్గర్లో తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. మేము పులిహోర కట్టుకుని వెళ్ళి పార్కులో చెట్టు కింద తిన్నాం.

ఆ పొలాల్లో పాత మాచెరోలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఊరేసే పని లేదు కాబట్టి ఇప్పుడు బాతులూ కప్పలూ తిరుగుతుంటాయి. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి ఒకటి కనబడింది. నాన్న అది దాటిపోయేదాకా మెడ తిప్పి చూసి, నా వైపు తిరిగి, ‘మరిప్పుడు అందులో చేపలు బతుకుతున్నాయా?’ అని అడిగాడు.