స్ట్రోక్ తర్వాత మళ్లీ పాత మనిషిని అవుతానా?

సార్, కుడి చెయ్యి ఇంకా రాలేదు, మాట తడబడుతోంది, పూర్తిగా బాగయ్యేదాకా బడికి వెళ్లి పిల్లలకు ముఖం చూపించలేనని రాశారు. అంతవరకూ ఆగొద్దనే నేను చెప్తాను.

తిరుపతి బైరాగిపట్టెడలో జాకెట్లు కుడతాను. నాకూ స్ట్రోక్ (పక్షవాతం) వచ్చి కుడి పక్కే పడిపోయింది. చాలామందికి మాటను నడిపే భాగం మెదడులో ఎడమవైపు ఉంటుందట, కుడి పక్క ఒంటిని నడిపేదీ ఆ వైపే. అందుకే అటు దెబ్బతింటే కుడి చెయ్యి, కాలు, మాట చాలాసార్లు కలిసే పోతాయి. మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. కానీ చూడ్డానికి వచ్చినవాళ్లకు అది తెలీదు. నేను ఎదురుగానే కూర్చుని ఉంటే, ‘అక్క తినిందా?’ అని మా ఆయన్ని అడిగేవాళ్లు. చెయ్యి పోయినదానికంటే నన్ను అదే కుంగదీసింది.

కూతురి పేరు నోటికి రాని రోజుల్లో గోవిందనామాలు మాత్రం గడగడా వచ్చేవి. స్వామి దయ అనుకున్నాం. ఎప్పట్నుంచో వల్లించిన మాటలు, పాటలు ఇలా మిగలడం మామూలేనని స్పీచ్ థెరపీ మేడం చెప్పింది. నాకు రెండూ నిజమే. మీరు ఎక్కాలు, పద్యాలు చెప్పి చూడండి సార్.

ఒకరోజు పాత కస్టమర్ ఆది జాకెట్టు తెచ్చి, మా ఆయన్ని కాకుండా నన్నే అడిగింది, మెడ ఎంత దించితే బాగుంటుందని. వేలితో చూపించాను. పని అక్కణ్ణుంచే మళ్లీ మొదలైంది. ఇప్పుడు మోటారు మిషను పెడల్ ఎడమ కాలి కింద ఉంది. గుడ్డ జరక్కుండా కుడి చేతిని బరువుగా దాని మీద పెడతాను. మార్కింగ్ ఎడమ చేత్తో నేనే చేస్తాను, కత్తిరించడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నా. మధ్యాహ్నానికే అలసట ముంచుకొస్తుంది, అందుకే పండగలకు అర్జెంటు పని ఒప్పుకోను. పాత వేగం రాలేదు. పని మాత్రం నాదే.

ఊరికే ఏడుపొస్తోందని రాశారు. అది పిరికితనం కాదు. స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, మందులున్నాయి, డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మీది గవర్నమెంటు ఉద్యోగం కదా, 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి.

డాక్టరు సరేనంటే హెచ్‌ఎంతో మాట్లాడి రోజుకొక్క పీరియడ్‌తో మొదలుపెట్టండి. ‘మెల్లగా మాట్లాడతాను, మధ్యలో మాట అందించకండి’ అని పిల్లలకు ముందే చెప్పండి. ఇంటికొచ్చే బంధువులకు కూడా.